గ్లౌకస్ ముత్తాత ఎవరు? మీ పిల్లల పేజీ చార్ట్ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో ట్రాయ్ యుద్ధం వీరుల వంశవృక్షం అని సగం పేజీ చార్ట్ వేశారు కదా, చూసి చాలా సంతోషించాను, ఎందుకంటే మన పేపర్లలో గ్రీకు కథలంటే అకిలీస్ మడమ, కొయ్య గుర్రం, హెలెన్, అంతే, అక్కడితో ఆపేస్తారు, మీరు గ్లౌకస్ లాంటి చిన్న పాత్రకి కూడా ఒక గడి ఇచ్చారు. అయితే ఆ గడి చుట్టూ ఉన్న గీతలు మాత్రం సరిగ్గా లేవు సార్. గ్లౌకస్ తాత బెల్లెరోఫోన్‌కి తండ్రి పొసైడన్ దేవుడు అని ఒక్కటే వేశారు, మనిషి తాత సిసిఫస్ ఎక్కడా లేడు. సార్పెడాన్‌కి క్రీట్ రాజు మైనాస్ తమ్ముడు అని ఒక గీత, గ్లౌకస్ మేనత్త కొడుకు అని ఇంకో గీత, రెండూ ఒకే మనిషికి తగిలించారు. పైగా గ్లౌకస్ పక్కన చేప తోక ఉన్న బొమ్మ వేసి సముద్ర దేవుడు అని రాశారు, ఆయన వేరే గ్లౌకస్. ఇక్కడ తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర డీటీపీ షాపు నాది, పని లేనప్పుడల్లా ట్రాయ్ యుద్ధం మీద హోమర్ కావ్యం ఇలియడ్ చదువుకుంటా ఉంటాను, ఈ గ్లౌకస్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే ఇంత పెద్ద లెటర్ రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఇతను ఎవరో చెప్తాను. లైసియా అని ఇప్పటి టర్కీకి నైరుతి మూల సముద్రం పక్కన ఒక దేశం ఉండేది, అక్కడినించి ట్రాయ్‌కి సాయంగా వచ్చిన సైన్యానికి పెద్ద సార్పెడాన్, ఆయన తర్వాత గ్లౌకస్. ఇలియడ్ ఆరో సర్గలో రెండు సైన్యాల మధ్య ఖాళీ జాగాలో గ్లౌకస్‌కి గ్రీకుల వైపు డయోమెడీస్ ఎదురుపడతాడు. డయోమెడీస్ అప్పటికే ఆ రోజు ఇద్దరు దేవతల్ని గాయపరిచి ఉన్నాడు, అయినా ఇప్పుడు జాగ్రత్తగా, నువ్వెవరు, దేవుడివైతే నీతో కొట్లాడను అని అడుగుతాడు. దానికి గ్లౌకస్, నా వంశం ఎందుకులే, మనుషుల తరాలు చెట్టు ఆకుల్లాంటివి, గాలికి కొన్ని రాలిపోతాయి, వసంతం వస్తే మళ్ళీ కొత్తవి చిగురిస్తాయి అంటాడు. అని ఊరుకున్నాడా, లేదు, వెంటనే తనకి ఐదు తరాల పైనుంచి మొదలుపెట్టి అరవైకి పైగా పంక్తుల్లో వంశం మొత్తం చెప్తాడు. మన పెళ్ళిళ్ళలో ప్రవర చెప్పినట్టు, చేతిలో ఈటె పట్టుకుని, యుద్ధభూమి మధ్యలో నిలబడి చెప్పాడు. గ్లౌకస్ వంశవృక్షం గీయాలంటే మొదట చూడాల్సింది ఇదే, ఎందుకంటే మనకి దొరికిన వాటిలో ఇదే పాతది, పైగా చెప్తున్నది ఆ ఇంటి బిడ్డే.

ఆయన చెప్పిన వరస ఇది. ఏయోలస్ కొడుకు సిసిఫస్, ఆర్గోస్ దేశంలో ఒక మూల ఎఫిరా అనే ఊరు వాళ్ళది, అదే కోరింత్ అని తర్వాతి వాళ్ళు అన్నారు. సిసిఫస్ కొడుకు గ్లౌకస్, ఆ గ్లౌకస్ కొడుకు బెల్లెరోఫోన్. బెల్లెరోఫోన్‌కి ముగ్గురు పిల్లలు, ఇసాండర్, హిప్పోలోకస్, లావోడామియా. హిప్పోలోకస్ కొడుకే మన గ్లౌకస్, అంటే ముత్తాత పేరు మునిమనవడికి వచ్చింది, మన ఇళ్ళల్లో తాత పేరు పెట్టుకున్నట్టే. లావోడామియాకి జ్యూస్ దేవుడి వల్ల పుట్టినవాడు సార్పెడాన్.

ఈ మధ్యలో బెల్లెరోఫోన్ కథ చాలా వివరంగా వస్తుంది. ప్రోయిటస్ అనే రాజు భార్య ఇతని మీద మనసుపడి, ఇతను ఒప్పుకోకపోయేసరికి తననే బలవంతం చేయబోయాడని మొగుడికి చెప్తుంది. సారంగధరుడి కథ తెలిసిన మనకి ఇదేం కొత్త కాదు. ఆ రాజు తన చేత్తో చంపడానికి జంకి, మడిచిన పలక మీద చావు గుర్తులు గీసి, ఇది మా మామగారికి చూపించు అని లైసియాకి పంపిస్తాడు. హోమర్ కావ్యాల్లో రాత లాంటిది కనపడేది దాదాపు ఈ ఒక్క చోటే. ఆ లైసియా రాజు తొమ్మిది రోజులు, తొమ్మిది ఎడ్లు కోసి, మర్యాదలు చేసి, పదో రోజు గానీ ఆ పలక అడగడు. చూశాక కిమెరా అనే నిప్పులు కక్కే మృగం మీదికి, సోలిమీలు అనే జాతి మీదికి, అమెజాన్లనే ఆడ యోధుల మీదికి వరసగా పంపిస్తాడు, అన్నిట్లో గెలిచి వస్తే కూతుర్నిచ్చి సగం రాజ్యం ఇచ్చి అక్కడే పెట్టుకుంటాడు. గ్లౌకస్ వాళ్ళు లైసియా వాళ్ళు అయ్యింది అట్లా, ఇల్లరికం వల్ల. (మీ బొమ్మలో రెక్కల గుర్రం వేశారు కదా, గ్లౌకస్ చెప్పిన దాంట్లో ఆ గుర్రం లేదు. పెగాసస్ అనే ఆ గుర్రం మీద ఎక్కి కిమెరాని చంపడం హెసియడ్, పిండార్ అనే పాత గ్రీకు కవుల దగ్గర వస్తుంది. వేస్తే తప్పు కాదు గానీ ఎక్కడిదో రాయాలి.)

ఈ వరస నమ్మొచ్చా అంటే, కథ లోపలే దానికి ఒక లెక్క సరిపోతుంది, అది నాకు చాలా నచ్చిన సంగతి. గ్లౌకస్ చెప్పింది విని డయోమెడీస్ ఈటె నేలలో గుచ్చేసి, అయితే మనం తాతల కాలం నాటి స్నేహితులం అంటాడు. డయోమెడీస్ తండ్రి టిడియస్, తాత ఈనియస్. ఆ ఈనియస్ తన ఇంట్లో బెల్లెరోఫోన్‌ని ఇరవై రోజులు అతిథిగా పెట్టుకున్నాడు, ఈనియస్ ఊదారంగు నడికట్టు ఇచ్చాడు, బెల్లెరోఫోన్ రెండు పిడుల బంగారు గిన్నె ఇచ్చాడు, నేను బయల్దేరేటప్పుడు ఆ గిన్నె మా ఇంట్లోనే ఉంది అని కూడా చెప్తాడు డయోమెడీస్. మా నాన్న నాకు గుర్తు లేడు, నేను పసివాడిగా ఉన్నప్పుడే థీబ్స్ మీదికి పోయాడు అంటాడు ఆ మాటల్లోనే. ఇప్పుడు రెండు వంశాలు పక్కపక్కన పెట్టి చూడండి, అటు తాత, తండ్రి, మనవడు, ఇటు తాత, తండ్రి, మనవడు, తరం తరానికి సరిగ్గా ఎదురుబొదురు కూర్చుంటుంది. వంశవృక్షం కట్టేవాళ్ళకి ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకోటి దొరకదు, ఎందుకంటే ఒక ఇంటి లెక్కని పక్కింటి వస్తువు సాక్ష్యం చెప్తోంది. ఆ తర్వాత ఇద్దరూ కవచాలు మార్చుకుంటారు, గ్లౌకస్ నూరు ఎడ్ల విలువ చేసే బంగారుది ఇచ్చి తొమ్మిది ఎడ్ల విలువ చేసే కంచుది తీసుకుంటాడు, జ్యూస్ అతని బుద్ధి లాగేశాడు అని హోమర్ అంటాడు. నాకైతే గ్లౌకస్ మీద ఆ మాట న్యాయంగా అనిపించదు, తాత బంగారు గిన్నె ఇస్తే మనవడు బంగారు కవచం ఇచ్చాడు, ఆ ఇంటి చెయ్యే అంత.

ఇప్పుడు పొసైడన్ సంగతి. మీరు వేసింది పూర్తిగా తప్పని అనను. హెసియడ్ పేరు మీద స్త్రీల వంశాల గురించి ఒక పాత కావ్యం ఉంది, అది ముక్కలు ముక్కలుగానే మిగిలింది, చాలా భాగం ఈజిప్టు ఇసకలో దొరికిన పాపిరస్ చింపుల్లోంచి ఏరుకున్నదే. అందులో నైసస్ కూతురు యూరినోమికి పొసైడన్ వల్ల బెల్లెరోఫోన్ పుట్టాడని ఉంది, గ్లౌకస్ పేరుకే తండ్రి. క్రీస్తుపూర్వం 464లో గెలిచిన కోరింత్ క్రీడాకారుడి మీద పిండార్ రాసిన పాటలో కూడా పొసైడన్‌ని తండ్రిగా సూచిస్తాడు. హోమర్ దగ్గర కూడా ఒక చిన్న జాడ ఉంది, లైసియా రాజు ఇతన్ని ఎవరో దేవుడి బిడ్డ అని గుర్తుపట్టాడు అంటాడు, ఏ దేవుడో చెప్పడు. అంటే మనకి పాండవులు ఎట్లానో అట్లా, పుట్టుక దేవతల వల్ల, వంశం మాత్రం పాండురాజుది, భారతం చదివిన ఏ పిల్లవాడికైనా ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అలాంటప్పుడు మీరు పాండురాజుని తీసేసి ఇంద్రుడి పేరు ఒక్కటే వేస్తారా? వేయరు కదా. ఇక్కడా అంతే, సిసిఫస్, గ్లౌకస్ ఉండాలి, పక్కన పొసైడన్ నించి చుక్కల గీత రావాలి. సిసిఫస్‌ని తీసేస్తే యుద్ధభూమిలో గ్లౌకస్ గర్వంగా చెప్పుకున్న మాటల్లో సగం పోతుంది, రాయి దొర్లించే శిక్ష పడ్డవాడు అని లోకమంతా అనుకునే మనిషిని ఈ కుర్రాడు మనుషుల్లోకెల్లా తెలివైనవాడు అని చెప్పి మొదలుపెడతాడు, నాకు కళ్ళు చెమర్చే చోటు అది.

అసలు చిక్కు సార్పెడాన్ దగ్గర ఉంది. హోమర్ ప్రకారం లావోడామియా కొడుకు, గ్లౌకస్ తరం వాడే. హెసియడ్ పేరుతో ఉన్న ఆ కావ్యం ప్రకారం యూరోపా కొడుకు, మైనాస్‌కి, రాడమాంథస్‌కి తమ్ముడు. ఏదో ఒకటి తీసుకోవాలి గానీ రెండూ కలిపితే లెక్క తప్పుతుంది, ఎట్లాగంటే మైనాస్ కొడుకు డ్యుకాలియన్, ఆయన కొడుకు ఇడోమెనియస్, ఈ ఇడోమెనియస్ కూడా ట్రాయ్ యుద్ధంలో ఉన్నాడు, తన వంశం తానే పదమూడో సర్గలో చెప్పుకుంటాడు. మైనాస్ తమ్ముడైతే సార్పెడాన్ ఇడోమెనియస్‌కి తాత వరస అవుతాడు, అంత ముసలాయన యుద్ధంలో కోట గోడ లాగి పడేస్తాడా? ఈ తేడా పాతకాలం వాళ్ళకే కనపడింది, ఎవరికి తోచినట్టు వాళ్ళు సర్దుకున్నారు. అపొల్లొడోరస్ పేరు మీద ఉన్న కథల సంకలనంలో జ్యూస్ ఇతనికి మూడు తరాల ఆయుష్షు ఇచ్చాడని రాశారు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం చరిత్రకారుడు డయోడోరస్ ఇంకో దారి పట్టాడు, సార్పెడాన్‌లు ఇద్దరు అన్నాడు, యూరోపా కొడుకు పెద్ద సార్పెడాన్, లైసియా వచ్చి స్థిరపడ్డాడు, అతని కొడుకు ఎవాండర్, ఆ ఎవాండర్ బెల్లెరోఫోన్ కూతురు డీడామియాని చేసుకుంటే పుట్టినవాడు ట్రాయ్‌కి పోయిన చిన్న సార్పెడాన్. చూశారా, జ్యూస్ కొడుకు రెండు తరాలు వెనక్కి జరిగాడు, లావోడామియా పోయి డీడామియా వచ్చింది, ఒక మొగుడు కొత్తగా పుట్టుకొచ్చాడు, అంతా ఆ రెండు గీతల్ని కలపడానికి. మీ చార్ట్ గీసినవాళ్ళు కూడా అదే పని చేశారు, కాకపోతే సర్దిన సంగతి చెప్పకుండా సర్దారు. నా అభ్యంతరం అక్కడే.

ఇంకో ప్రశ్న ఎప్పుడూ నన్ను పట్టుకుంటుంది. కొడుకు కొడుకు గ్లౌకస్ ఉండగా కూతురి కొడుకు సార్పెడాన్ సైన్యానికి పెద్ద ఎందుకయ్యాడు? దేవుడి బిడ్డ కాబట్టి అని సులువుగా చెప్పేయొచ్చు. కానీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో లైసియన్ల గురించి ఒక మాట రాశాడు, వీళ్ళని నువ్వెవరు అని అడిగితే తల్లి పేరు, తల్లి తల్లుల పేర్లు చెప్తారు, తండ్రి పేరు కాదు అని. లైసియా సమాధుల మీద శాసనాల్లో మాత్రం ఎక్కువగా తండ్రి పేర్లే ఉన్నాయి, కాబట్టి ఆ మాటని గుడ్డిగా నమ్మలేం, అయినా లావోడామియా గీత ఈ వంశంలో ఎంత బరువు మోస్తోందో ఆ మాట చదివాకే నేను గమనించాను. ఇక్కడ కపిలతీర్థంలో అమావాస్య రోజు తర్పణాలు వదిలేవాళ్ళని చూడండి, తండ్రి వైపు మూడు తరాలు చెప్పాక తల్లి వైపు మూడు తరాలు కూడా చెప్తారు. మీ చార్ట్‌లో ఆడవాళ్ళ పేర్లు హెలెన్ తప్ప ఒక్కటీ లేదు. గ్లౌకస్ చుట్టూనే ఎంతమంది ఉన్నారో చూడండి. సిసిఫస్ భార్య మెరోపి, అట్లస్ కూతురు, కృత్తికల్లో ఒక చుక్క, మనిషిని పెళ్ళాడిందని సిగ్గుపడి మసకగా ఉంటుందని తర్వాతి వాళ్ళు చెప్పుకున్నారు. బెల్లెరోఫోన్ తల్లి యూరినోమి, అపొల్లొడోరస్ దగ్గర యూరిమెడి. బెల్లెరోఫోన్ భార్యకి హోమర్ పేరు చెప్పలేదు, అపొల్లొడోరస్ ఫిలొనోయి అంటాడు, ఆవిడ తండ్రి పేరు ఇయోబటీస్ అని కూడా అక్కడ ఉంది. లావోడామియాని ఆర్టెమిస్ దేవత కోపంతో చంపింది, ఆమె అన్నదమ్ముల్లో ఇసాండర్‌ని సోలిమీలతో యుద్ధంలో యుద్ధ దేవుడు ఏరీస్ చంపాడు, బెల్లెరోఫోన్ చివరికి దేవతలందరికీ కానివాడై అలీయన్ మైదానంలో మనుషుల దారి తప్పించుకుని ఒంటరిగా తిరిగాడు. ముగ్గురు పిల్లల్లో మిగిలింది హిప్పోలోకస్ ఒక్కడే, ఆయనే కొడుకుని ట్రాయ్‌కి పంపుతూ ఎప్పుడూ అందరికన్నా ముందుండు, పెద్దల పేరు చెడగొట్టకు అని చెప్పి పంపాడు.

గ్లౌకస్‌లు ఎంతమందో కూడా పిల్లలకి చెప్పాలి. సముద్ర దేవుడైన గ్లౌకస్ ఆంథెడాన్ ఊరి జాలరి, ఏదో ఆకు తిని దేవుడయ్యాడు. మైనాస్ కొడుకు గ్లౌకస్ చిన్నప్పుడు తేనె జాడీలో పడి చచ్చిపోతే పోలిఇడస్ అనే జోస్యుడు బతికించాడు. తన గుర్రాలే తనని పీక్కుతిన్న గ్లౌకస్ బెల్లెరోఫోన్ తండ్రి, సిసిఫస్ కొడుకు. నాలుగోవాడు మనవాడు. ఇందులో తమాషా ఏమంటే పెగాసస్‌ని ఎట్లా పట్టుకోవాలో బెల్లెరోఫోన్‌కి చెప్పిన జోస్యుడు కూడా ఆ పోలిఇడస్సే, అందుకని వెతికేటప్పుడు గ్లౌకస్, పోలిఇడస్ రెండు పేర్లూ ఒకే చోట కనపడి ఇద్దరు గ్లౌకస్‌లు ఒకడే అనిపిస్తుంది. అట్లాగే డ్యుకాలియన్‌లు ఇద్దరు, జలప్రళయం నించి బయటపడ్డ ఆయన ఇడోమెనియస్ తండ్రి కాదు. ఏయోలస్‌లు కూడా ఇద్దరు, సిసిఫస్ తండ్రి వేరు, ఒడిస్సీలో గాలుల్ని తిత్తిలో కట్టి ఇచ్చిన ఆయన వేరు. పేరు ఒకటే అయితే మనిషి ఒకడే అనుకుని గీత గీసేస్తే మొత్తం చెట్టే పక్కకి వాలిపోతుంది, అందుకే నేను షాపులో ఏ3 పేపర్ మీద గీసుకునేటప్పుడు ప్రతి పేరు కింద పెన్సిల్‌తో తండ్రి పేరు, ఊరి పేరు, ఎవరు చెప్పారో వాళ్ళ పేరులో మొదటి అక్షరం రాసుకుంటాను. హోమర్ అయితే నల్ల గీత, తర్వాతి వాళ్ళయితే చుక్కల గీత.

ఇది గ్రీకుల వాళ్ళకే ఉన్న గొడవ కాదు సార్. వాల్మీకి బాలకాండలో సీతాకల్యాణం ముందు వసిష్ఠుడు ఇక్ష్వాకు వంశం చెప్తాడు, అందులో రఘువుకీ అజుడికీ మధ్య చాలా తరాలు ఉన్నాయి. కాళిదాసు దగ్గరికి వస్తే రఘువు కొడుకే అజుడు. మనం ఏం చేస్తాం, వాల్మీకి ఇట్లా చెప్పాడు, కాళిదాసు అట్లా చెప్పాడు అంటాం, రెండూ పక్కపక్కన పెట్టుకుంటాం. ఈ ఊళ్ళోనే అన్నమయ్య సంగతి చూడండి, ఆయన జీవితం మనకి ఇంత తెలిసిందంటే మనవడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టబట్టే, అందుకే ఎవరు చెప్పినా చిన్నన్న ఇట్లా రాశాడు అని పేరు పెట్టి చెప్తారు. మనవడు చెప్పిన తాత కథ అని తెలిసి వింటాం. గ్లౌకస్ చెప్పింది కూడా మనవడు చెప్పిన తాత కథే, ఆ సంగతి చార్ట్‌లో కనపడాలి.

వంశం కిందకి ఎక్కడి దాకా పోయిందో కూడా రాయండి. గ్లౌకస్ అకిలీస్ శవం దగ్గర జరిగిన పోరులో గ్రీకు వీరుడు ఎజాక్స్ చేతిలో చనిపోయాడు, ఇది ఇలియడ్‌లో లేదు, తర్వాతి వాళ్ళ దగ్గర ఉంది. అతని పిల్లల పేర్లు హోమర్ చెప్పలేదు. కానీ హెరొడోటస్ అయోనియా (ఇప్పటి టర్కీ పడమటి తీరం) గ్రీకు నగరాల గురించి రాస్తూ, వాళ్ళల్లో కొందరు హిప్పోలోకస్ కొడుకు గ్లౌకస్ సంతతి వాళ్ళైన లైసియన్లని రాజులుగా పెట్టుకున్నారు అని రాశాడు. అంటే కావ్యంలో మొదలైన గీత చరిత్ర రాసేవాడి పుస్తకంలో తేలింది, బతికున్న మనుషులు ఈ గ్లౌకస్ పేరు చెప్పి సింహాసనం మీద కూర్చున్నారు. లైసియాలో ట్లోస్ అనే ఊళ్ళో కొండకి తొలిచిన సమాధి మీద పెగాసస్ ఎక్కిన బెల్లెరోఫోన్ బొమ్మ ఇప్పటికీ ఉంది, క్సాంథోస్ నగరం శిథిలాలని యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఫోటో వేస్తే పిల్లలకి ఇది ఎక్కడో నిజంగా ఉన్న జాగా అని తెలుస్తుంది.

కాబట్టి నేను అడిగేది ఏమంటే, ఇంకో ఆదివారం ఆ చార్ట్ మళ్ళీ వేయండి. స్థలం చాలదంటే ట్రాయ్ వీరులందరూ అక్కర్లేదు, గ్లౌకస్ ఒక్కడి వంశం చాలు, డయోమెడీస్ వంశం పక్కన పెట్టి, ఈనియస్‌కీ బెల్లెరోఫోన్‌కీ మధ్య అడ్డంగా ఒక గీత వేసి ఇరవై రోజులు అతిథి అని రాయండి. సార్పెడాన్‌ని రెండు చోట్లా వేయండి, ఒకదాని కింద హోమర్ అని, ఇంకోదాని కింద హెసియడ్ అని, డయోడోరస్ ఎట్లా కలిపాడో పక్కన రెండు లైన్లు రాస్తే చాలు. పొసైడన్‌కి చుక్కల గీత. చేప తోక బొమ్మ తీసేయండి. మీకు కావాలంటే నేను గీసుకున్న పేపర్ స్కాన్ చేసి పంపిస్తాను, డబ్బులేం వద్దు, పేరు కూడా వేయక్కర్లేదు. హిప్పోలోకస్ భార్య, అంటే గ్లౌకస్ తల్లి, ఆవిడ పేరు హోమర్ చెప్పలేదు, ఆ గడి మాత్రం ఉంచి ఖాళీగా వదలండి, ఎక్కడో నెట్‌లో దొరికిందని ఏ పేరూ నింపొద్దు.

ఇట్లు
మీ పాఠకురాలు, తిరుపతి